ఆరుతున్న పుండు

కరోనాకు ఊళ్లు మూతబడిన ఈ రోజుల్లో, కోవిల్‌పట్టిలో మా అక్క మనవరాలు సెల్‌ఫోను పట్టుకుని అవ్వ కాలి పుండును విరుదునగరంలోని డాక్టరుకు చూపిస్తుంటే, పక్కన కూర్చోలేక నేను వాకిట్లోకి వచ్చేశాను. అక్కకు మిగిలింది ఆ ఒక్క కాలే.

నా వయసువాళ్లకు చికున్‌గున్యా వచ్చిన ఏడు గుర్తుండే ఉంటుంది. ఇంటిల్లిపాదీ కీళ్లు బిగుసుకుని పడి ఉండేవాళ్లు. అప్పుడే అక్క అగ్గిపెట్టెల్లో పుల్లలు నింపుతుండగా, ఒక పెట్టె రాపిడికి భగ్గుమని ఆమె పాదం మీద పడింది. అసలే చక్కెర జబ్బు, ఆపైన జ్వరం, బస్సు మెట్టు ఎక్కే శక్తి లేదు. నేనప్పుడు విరుదునగరంలో ఒక డాక్టరు దగ్గర చీటీలు రాసేవాణ్ణి, సాయంత్రాలు సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాణ్ణి. ఆకుపసర్లు అవతల పారేయించి, ఫోనులోనే వైద్యం ఏర్పాటు చేసింది నేనే.

రోజూ పొద్దున బావ కుంటుకుంటూ టెలిఫోన్ బూత్‌కు వచ్చేవాడు, వెంట మా అమ్మ. డాక్టరు అడగమన్నవి నేను అడిగేవాణ్ణి: వాసన వస్తోందా, నల్లబడిందా, కుళ్లిందా?

"ఆరతా ఉండాది బామ్మర్దీ, బాగుండాది."

వెనక నుంచి అమ్మ అరుపు: "కుళ్లిందా అంటాడా? నోరు కడుక్కోరా ముందు!"

మా ఇళ్లలో పుండు ఎంత ముదిరినా ఆరుతోందనే చెప్పాలి. చెడ్డమాట అంటే అదే జరుగుతుందని భయం. ఆ సంగతి డాక్టరుకు తెలియదు. నాకు తెలుసు, ఆ మాటలు వింటూ పెరిగినవాణ్ణే. అయినా నా ఏర్పాటు ఫలిస్తోందన్న గర్వంతో, "ఆరుతోందట సార్" అని తొమ్మిది రోజులు చెప్పాను.

పదో రోజు బావ ఫోనులో ఏడ్చాడు. కారులో తెచ్చి గుడ్డ విప్పితే, ఆ వాసనకు గదిలో ఎవరూ నిలబడలేకపోయారు. మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. డాక్టరు నన్ను అడిగింది ఒక్కటే, "నువ్వు చూశావా?" అని. అమ్మ మాత్రం అందరి ముందూ అంది: "రోజూ కుళ్లిందా కుళ్లిందా అని కుళ్లబెట్టినావు కదరా!" అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

లోపల డాక్టరు ఎలా ఉందని అడుగుతున్నాడు. "ఆరతా ఉండాది" అంటోంది అక్క. "నువ్వు ఊరుకో అవ్వా, ఆయనే చూస్తాడు" అంటూ ఆ పిల్ల ఫోను దగ్గరికి జరిపినట్టుంది. ఇప్పుడు నోటితో పనిలేదు, ఎంత దూరం నుంచైనా చూడొచ్చు. అప్పుడా సౌకర్యం లేదని అందరికీ చెబుతుంటాను. విరుదునగరం నుంచి కోవిల్‌పట్టికి గంటన్నర బస్సు. ఆ ఏడు నాకు జ్వరం కూడా రాలేదు.