ఫోటోల్లో లేని ఆపరేటర్ గారు

ఆమె అసలు పేరు స్టూడియో కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధి మొత్తానికి ఆమె పటాసక్క. అంటించకుండానే పేలుతుందని తండ్రి ముద్దుగా పెట్టిన పేరు అది. ఆయన పోయాక స్టూడియోతో పాటు ఆ పేరూ ఆమెకే మిగిలింది. ఫంక్షన్లలో కుర్చీలెక్కి, బల్లలెక్కి, ఒకసారి ఐస్‌క్రీం ఫ్రీజరెక్కి కూడా ఫోటోలు తీసింది. ఎంత గోలలోనైనా "అందరూ ఇటు చూడండి, కళ్ళు తెరవండి!" అని ఆమె ఒక్క కేక వేస్తే తల్లి భుజం మీద నిద్రపోతున్న పసివాడు కూడా ఉలిక్కిపడి చూసేవాడు.

తమ్ముడిది పూర్తిగా వేరే తీరు. గడప దాటడు. వెనక గదిలో కిటికీకి నల్లగుడ్డ కట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అక్క తెచ్చేవన్నీ రా ఫైళ్ళు. అంటే కెమెరా కంటపడ్డ వెలుగుని ఏ మెరుగూ దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచిపెట్టినవి. బియ్యం లాంటివి, వండితే గానీ కంచంలోకి రావు. ఒక్కోదాన్నీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వెలుగెంత, నీడెంత, రంగెంత అని దిద్దుకోవాలి. దానికి ముందు కుప్పలో మంచివేవో ఏరుకోవాలి. ఈ ఏరడమే తమ్ముడి ప్రాణం తోడేస్తోంది. మెడ పట్టేసింది, కళ్ళు మండుతున్నాయి. మా నాన్న అని బొమ్మ వేసుకురమ్మంటే అతని కూతురు బడికి ఒక కుర్చీ, ఒక వీపు వేసి పట్టుకెళ్ళింది.

అందుకే అతను కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి చూసిపెట్టాడు.

"అక్కా, ఇది దానంతటదే ఏరేస్తుంది. మసగ్గా వచ్చినవి, కళ్ళు మూసుకున్నవి, నోరు తెరిచినవి పక్కన పడేసి మంచివే మన చేతికిస్తుంది. మనం టీ తాగి వచ్చేసరికి పనైపోతుంది."

"ఏది మంచిదో దానికెవడు చెప్పాడ్రా?"

"లక్షల ఫోటోలు చూసి నేర్చుకుందట."

"నేనూ చూశాను లక్షల ఫోటోలు. ఇప్పటికీ ఒక్కోదాని ముందు కూర్చుని బుర్ర గోక్కుంటాను. దానికి ఆపాటి అనుమానం కూడా రాదా?"

"నీకేం, కెమెరా తగిలించుకుని తిరిగొస్తావు. చచ్చేది నేను," అన్నాడు తమ్ముడు మెడ పట్టుకుని.

పటాసక్క అతని మెడ మీద చెయ్యేసి నొక్కింది. పాత సాఫ్ట్‌వేర్ మొద్దుదని ఆమెకీ తెలుసు. చెప్పింది తప్ప చెయ్యదు. అయితే చెప్పనిది ముట్టుకోదు, అందుకే ఆమెకి అదంటే ఇష్టం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్తది నెల రోజులు ఉచితం. ఒక్క ఫంక్షన్ దాంతో చేసి చూద్దాం, నచ్చితే ఉంచుకుందాం, లేకపోతే లేదు.

ఆ ఒక్క ఫంక్షనూ పెద్దాసుపత్రి టెలిఫోన్ ఆపరేటర్ గారి రిటైర్మెంట్ అయింది.

ఆయన పుట్టుగుడ్డి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ ఆసుపత్రికి గొంతు ఆయనే. "ఎవరు కావాలండీ?" అని ఆయన అడిగే తీరుకి ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళు కూడా కాస్త కుదురుకుని పేరు చెప్పగలిగేవారు. ఆ సాయంత్రం డాక్టర్లు, నర్సులు, ఊడ్చేవాళ్ళు, వంటవాళ్ళు అందరూ ఆయన చుట్టూ మూగారు. అలవాటు చొప్పున పటాసక్క కుర్చీ ఎక్కి, "అందరూ కళ్ళు తెరవండి!" అని అరిచేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

"నేను తప్ప అనుకుంటానమ్మా?" అన్నారు ఆపరేటర్ గారు. హాలంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. పటాసక్కకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఆమె కెమెరా ఆయన్ని వదల్లేదు. ఎవరు మాట్లాడితే అటు చెవి ఒగ్గి, పెదవి మీద చిన్న నవ్వుతో వినే ఆ మొహాన్ని ఎన్నిసార్లు తీసిందో ఆమెకే తెలియదు.

మర్నాడే ఆమె వేరే పని మీద పొరుగూరు పోయింది. వారానికి తిరిగొచ్చి, భుజాన సంచి భుజానే ఉండగా స్టూడియోలో అడుగు పెట్టేసరికి ఆపరేటర్ గారు సోఫాలో కూర్చుని ఉన్నారు. పక్కన ఆయన కూతురు ఒళ్ళో కొత్త ఆల్బమ్ పెట్టుకుని పేజీలు తిప్పుతోంది.

"ఇది మీ మేనేజరు గారు నాన్నా, మైకు పట్టుకుని నవ్వుతున్నారు. ఇది కేకు. ఇక్కడ నర్సులందరూ వరసగా ఉన్నారు."

"మరి నేనెక్కడున్నాను?"

"వస్తావు నాన్నా, ముందుంది." ఆమె ఇంకో పేజీ తిప్పింది. "ఇది మళ్ళీ మేనేజరు గారు. ఇది... ఇది కుర్చీలు."

పేజీలు తిప్పే చెయ్యి తొందరపడుతోంది. చివరి అట్ట వచ్చేసింది. దాని మీద స్టూడియో ఫోన్ నంబరు ఉంది. ముందు అట్ట మీద మేనేజరు ఉన్నాడు, రిటైరైంది తనే అన్నంత హుందాగా. ఆపరేటర్ గారు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా లేరు.

పటాసక్క సంచి కింద పడేసింది. "ఏంట్రా ఇది? రిటైరైన ఆయన ఒక్క ఫోటోలో కూడా లేరేం?"

వెనక గదిలోంచి వచ్చిన తమ్ముడు నీళ్ళు నమిలాడు. అతను ఆ ఫంక్షన్‌కి వెళ్ళలేదు. రిటైరైన ఆయన ఎలా ఉంటారో అతనికి తెలియదు. మైకు పట్టుకున్నవాడే పెద్దమనిషి అనుకున్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఏరిచ్చిన వాటిని పేర్చి ఆల్బమ్ కట్టేశాడు.

"పోలేదక్కా, ఉన్నాయి. రండి, చూపిస్తా," అని ఆయన కూతుర్ని కూడా లోపలికి పిలిచి కంప్యూటర్ తెరిచాడు. పిలవకుండా ఉంటే బాగుండేది. సాఫ్ట్‌వేర్ పక్కన పడేసిన ఫోటోలన్నీ ఒక ఫోల్డర్లో ఉన్నాయి. దానికి పేరు కూడా సాఫ్ట్‌వేరే పెట్టింది, "పనికిరానివి" అని. తెరిస్తే వరసల కొద్దీ ఆపరేటర్ గారే. కేకు కోస్తూ, పువ్వులు అందుకుంటూ, కొత్తగా చేరిన ఆపరేటర్ అమ్మాయి చేతికి ఫోన్ రిసీవర్ ఇస్తూ. ఒక్కో ఫోటో మూలన ఎర్ర గుర్తు, కింద "కళ్ళు మూసుకున్నారు" అని మాట.

కూతురు ఆ ఫోల్డర్ పేరు చదివింది. చేతిలో ఆల్బమ్ మూసేసింది. తిట్టి ఉంటే తమ్ముడికి తేలిగ్గా ఉండేది.

కంగారులో మనిషి చేసే పని అతనూ చేశాడు. "ఒక్క నిమిషమండీ, దీనికీ ఉపాయం ఉంది," అని ఒక బటన్ నొక్కాడు. ఫోటో ఒక్కసారి మెరిసింది. ఆపరేటర్ గారు కళ్ళు తెరిచారు. తళతళలాడే గోధుమరంగు కళ్ళు. ఎవరివో తెలియదు, అదే తయారు చేసి అతికించింది. ఆ కళ్ళతో ఆయన కెమెరా వైపు సూటిగా చూస్తున్నారు.

కూతురు ఒక అడుగు వెనక్కి వేసింది. "ఎవరివి? ఎవరి కళ్ళివి?" అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "మా నాన్నకి తన ఫోటోలోనే చోటు కావాలంటే కళ్ళు తెరవాలా?"

పటాసక్కకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? బతుకంతా ఒక్క కుర్చీలో కూర్చుని ఊరందరినీ ఊరందరితో కలిపిన మనిషి. ఆయన సన్మానంలోంచి ఆయన్నే గెంటేసి, అడిగితే దొంగ కళ్ళు పెట్టి లోపలికి రానిస్తారా? మేనేజరు నోరు తెరిచి నవ్వితే పనికొచ్చింది, ఖాళీ కుర్చీలు పనికొచ్చాయి, ఈయన పనికిరాకుండా పోయారా?

"తియ్యి! ముందు ఆ కళ్ళు పీకి పారెయ్!" ఆమె కేకకి ముందు గదిలో అద్దాలు అదిరాయి. "లక్షల ఫోటోలు చూసిందన్నావు కదరా! ఆ లక్షల్లో ఒక్క గుడ్డివాడూ లేడా? లేక వాళ్ళందర్నీ ఇలాగే పారేసి నేర్చుకుందా? దానికంటే తెలియదు, నీకేమైంది? నువ్వైనా ఒక్కసారి తొంగి చూడలేదేం?"

తమ్ముడు తల ఎత్తలేదు. అతని చెయ్యి అప్పటికే వెనక్కి తిప్పే బటన్ మీద ఉంది. గోధుమరంగు కళ్ళు పోయాయి.

"ఏంటమ్మా?" గుమ్మం దగ్గర నుంచి ఆపరేటర్ గారి గొంతు వినిపించింది. గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డారు. "మీ కేక వినపడింది గానీ మా అమ్మాయి గొంతు ఆగిపోయింది. లైన్లో మనిషి ఉండీ మాట్లాడకపోతే ఏదో అయిందని అర్థం. చెప్పండి."

కూతురు సర్దిచెప్పబోయింది. పటాసక్క సర్దిచెప్పలేదు. ఉన్నదంతా చెప్పేసింది, ఫోల్డర్ పేరుతో సహా, అతికించిన కళ్ళతో సహా.

ఆయన చేతికర్రని రెండు చేతులా పట్టుకున్నారు. దవడ బిగిసింది. అంతవరకూ ఆయన మొహంలో కోపం ఎలా ఉంటుందో పటాసక్క చూడలేదు.

"నాకు కళ్ళు లేవని ఎవరైనా జాలిపడితే ఊరుకున్నాను. జోకులేస్తే నేనూ వేశాను. కానీ పనికిరానివాడు అని ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదమ్మా. అనిపించుకోలేదు. ఇంటికెళ్ళిపోయే వేళ అనిపించుకున్నాను." చేతికర్ర నేలకేసి కొట్టారు. "ఆ యంత్రానికి ఎవరైనా చెప్పండి, కళ్ళు మూసుకున్నవాడల్లా నిద్రపోవడం లేదని."

"చెప్పినా అది వినదు సార్," అన్నాడు తమ్ముడు. ఆ రోజు అతను ఆయనతో అన్న మొదటి మాట అదే. "వినేది వేరే ఉంది."

అని పాత సాఫ్ట్‌వేర్ తెరిచాడు. ఆ మొద్దుదే. ఎర్ర గుర్తుల్లేవు, సలహాల్లేవు. ఒక రా ఫైల్, పక్కన వెలుగునీ నీడనీ జరిపే గీతలు, అంతే. ఆపరేటర్ గారికి కుర్చీ వేశారు. పటాసక్క ఒక్కో ఫోటోలో ఏం జరుగుతోందో చెబుతుంటే ఆయన అది ఎప్పటిదో గుర్తు పట్టారు.

"మీరు ఎడమ పక్కకి తిరిగి నవ్వుతున్నారు సార్. వెనక ఎవరో వంగున్నారు."

"గ్లాసు పడేసింది మన వంటావిడ. అది ఉంచండి, ఆవిడ సంతోషిస్తుంది."

"ఇందులో మేనేజరు గారు మీ భుజం మీద చెయ్యేశారు."

"ఆయన్నిప్పటికే చాలా చూశారు కదమ్మా," అన్నారాయన. కూతురు అప్పుడు నవ్వింది.

రిసీవర్ చేతులు మారే ఫోటో దగ్గర ఆయన ఆగమన్నారు. హాల్లో ట్యూబులైట్ల పచ్చదనం పడి అది పాచి పట్టినట్టుంది, ఆయన మొహం సగం చీకట్లో ఉంది. తమ్ముడు మెడ నొప్పి మరిచిపోయి ముందుకు వంగాడు. పచ్చదనం విరిచాడు. నీడని కొద్దికొద్దిగా తేల్చాడు. బుగ్గ వచ్చింది, నుదురు వచ్చింది, వాలిన రెప్పల మీది సన్నని ముడతలు వచ్చాయి. రెప్పల కింది నీడని మాత్రం అతను ముట్టుకోలేదు. ఆ చెయ్యి చూసి పటాసక్క కోపం సగం దిగిపోయింది. ఇంత పనితనం పెట్టుకుని వీడు ఆ దిక్కుమాలినదాన్ని ఎందుకు నమ్ముకున్నాడు అన్న మిగతా సగం మాత్రం అలాగే ఉంది. ఇకపై ఏరే పనిలో సగం తనే కూర్చుని చెయ్యాలని అప్పుడే అనుకుంది.

అట్ట మీదకి అదే అనుకున్నారు. తమ్ముడు పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, ఆరేదాకా ఊది, ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన దాన్ని అంచుల దగ్గర జాగ్రత్తగా పట్టుకున్నారు.

"ఎలా వచ్చింది బాబూ?"

"మీరు రిసీవర్ ఇస్తున్నారు సార్. ఆ అమ్మాయి రెండు చేతులతో అందుకుంటోంది."

"కళ్ళు?"

తమ్ముడు ఒకసారి అక్క వైపు చూశాడు. "మూసుకునే ఉన్నాయి సార్."

"అయితే నేనే," అన్నారు ఆపరేటర్ గారు.