వాతల గడిలో సున్నాలు

మా చిన్నమ్మమ్మను, అంటే అమ్మమ్మ చెల్లెల్ని, ఆమె పనిచేసిన వీధుల్లో అందరూ సిస్టరమ్మ అని పిలిచేవారు. చాటున మాత్రం "చొక్కాలమ్మ" అనేవారు. పసిబిడ్డతో ఎవరు వచ్చినా, తల్లిని కూర్చోమనకముందే బిడ్డ చొక్కా ఎత్తి పొట్ట చూసేది మరి. ఆమె పెళ్ళి చేసుకోలేదు. నర్సు చదువు చదివి, మిషన్ వాళ్ళు పొమ్మన్న చోటికి ఒక ట్రంకుపెట్టెతో వెళ్ళిపోయింది. అక్కడ ప్రార్థన మందిరం వెనక రెండు గదుల్లో మందులిస్తూ, ఆదివారాలు వాక్యం చెబుతూ ఇరవై ఆరేళ్ళు గడిపింది.

ఆ వీధుల్లో పసిపిల్లలు జలుబు ముదిరి డొక్కలెగరేస్తే, ఒంట్లో గాలి దూరిందనేవారు. ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి పొట్ట మీద మూడు వాతలు పెడితే ఆ గాలి పారిపోతుందని నమ్మకం. పెట్టేది మంత్రసాని. వీధిలో సగం మందికి పురుడు పోసిన మనిషి కాబట్టి ఆమె మాటకు తిరుగు లేదు. చిన్నమ్మమ్మ వెళ్ళిన మొదటి నెలల్లోనే వాతలు చీము పట్టి ఇద్దరు పిల్లలు పోయారు. ఆ కోపంతో ఒక మధ్యాహ్నం ఆమె మంత్రసాని గుమ్మం ముందు నిలబడింది.

"నీకు చెయ్యెలా వస్తోంది పెద్దమ్మా? చీమ కుడితేనే గుక్కపట్టే పిల్లలు!"

"గుక్కపట్టి ఏడవాలనే కదమ్మా పెట్టేది. ఏడిస్తే ఊపిరాడుతుంది. నువ్వు సూదులు పొడిస్తే మాత్రం నవ్వుతున్నారా ఏంటి?"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. చిన్నమ్మమ్మకు తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చి ఒక నియమం పెట్టింది. వాతలతో వచ్చిన బిడ్డకు మందిస్తుంది. కానీ ఆ తల్లి వచ్చే ఆదివారం ప్రార్థనలో లేచి, "నా బిడ్డకు నేనే వాత పెట్టించాను, ఇంకెప్పుడూ పెట్టించను" అని అందరి ముందూ చెప్పాలి. తప్పు ఒప్పుకుంటే గుండె బరువు దిగుతుందని చిన్నమ్మమ్మ చిన్నప్పటి నుంచీ విన్నది. ఆమెకు నిజంగానే దిగేది. వాళ్ళకూ దిగుతుందనుకుంది. తల్లులు తల వంచుకుని గొణిగేవారు. వెనక వరుసలోంచి ఎవరో ఒకరు "వినపడట్లేదు, కాస్త గట్టిగా" అనేవారు. చాలా ఇళ్ళలో వాత పెట్టించింది అత్తలు. నిలబడింది కోడళ్ళు. "మా ఇంటి పరువు నలుగురిలో పెట్టొచ్చావా?" అని మళ్ళీ ఆ అత్తలే దెప్పేవారు.

మందుల రిజిస్టరులో వాతల కోసం చిన్నమ్మమ్మ ప్రత్యేకంగా ఒక గడి గీసింది. మొదటి ఏడాది అందులో నలభై ఒకటి. రెండో ఏడాది తొమ్మిది. మూడో ఏడాది వరుసగా ఆరు నెలలు సున్నాలు. ఆ సంగతి మిషన్ ఆఫీసుకు రాస్తే, మెచ్చుకుంటూ జవాబు వచ్చింది.

ఆ తరవాతి వారమే, పట్టపగలు, మంత్రసాని దర్జీ కూతుర్ని చేతుల్లో వేసుకుని రొప్పుతూ వచ్చింది. వెనకాలే దర్జీ భార్య, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా. పిల్లకు ఏడు నెలలు. చొక్కా ఎత్తితే మూడు వాతలు, పక్కు కట్టినవి. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇవి ఎన్నాళ్ళవి? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" సూదిమందు ఎక్కిస్తూనే అరిచింది చిన్నమ్మమ్మ.

దర్జీ భార్య పిల్ల అరికాళ్ళు రుద్దుతోంది. మంత్రసానే చెప్పింది.

"ఐదు రోజులు. నీకు భయపడి ఇంట్లో దాక్కుందమ్మా! వాత పెట్టించింది అత్త, నిలబెట్టేది నన్ను అని ఒకటే ఏడుపు. చువ్వతో తగ్గకపోతే నీ దగ్గరికే పొమ్మని నేనే చెప్తుంటా. నెలల తరబడి ఒక్కత్తీ కదలట్లేదు. ఈ ఆదివారం నన్ను నిలబెట్టుకో, గొంతు చించుకుని మరీ చెప్తా. ముందు పిల్లని చూడు."

మధ్యాహ్నం రెండింటికి పిల్ల పోయింది. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే ఆ మందే సరిపోయేది. అది చిన్నమ్మమ్మకు తెలుసు.

మర్నాడు మంత్రసానిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. సున్నాలు వేసిన ఆ ఆరు నెలల్లో పదిహేడు మంది పిల్లలకు వాతలు పడ్డాయి. వాళ్ళలో ఇద్దరు పోయారు. ఆ సంగతి ఆమె వరకూ రాలేదు.

ఆదివారం ప్రార్థనలో ఆమే లేచి నిలబడింది. "తల్లుల్ని నిలబెట్టి పిల్లల్ని నా దగ్గరికి రాకుండా చేశాను. ఇకమీదట ఎవరూ నిలబడక్కర్లేదు" అంది. గట్టిగా చెప్పమని ఎవరూ అనలేదు. దర్జీ భార్య ఆ రోజు రాలేదు. అందుకని చిన్నమ్మమ్మే వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి అదే మాట చెప్పింది. కుట్టుమిషన్ ఆగలేదు. కుట్టు చివరిదాకా వచ్చాక దర్జీ భార్య దారం కొరికి, తలెత్తకుండానే అంది:

"మీదేముంది సిస్టరమ్మా. పెట్టించింది మేమే కదా. వెళ్ళి రండి."

ఆ ఏడాది వాతల గడిలో అంకె మళ్ళీ ముప్పై దాటింది. వాతలు ఎందుకు పెరిగాయని ఆఫీసు వాళ్ళు అడిగితే, "పెరగలేదు, వస్తున్నారు" అని ఒక్క ముక్క రాసింది. మంత్రసాని పిల్లల్ని తనే ఎత్తుకొచ్చేది. కొన్నిసార్లు చువ్వ కాల్చకముందే తెచ్చేది, కొన్నిసార్లు కాల్చాక.

దర్జీ భార్యకు తరవాత కొడుకు పుట్టాడు. వాడికి ఒళ్ళు వెచ్చబడినా రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికే తీసుకెళ్ళేది. బస్సు ఆగేది చిన్నమ్మమ్మ గదికి సరిగ్గా ఎదురుగా.

"ఒకసారి బస్సు గంట ఆలస్యమైంది," అని నాతో అంది చిన్నమ్మమ్మ, మంచాన పడ్డాక. "పిల్లాడు దగ్గుతున్నాడు. ఎండ మండిపోతోంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా."

"పిలవలేకపోయావా చిన్నమ్మమ్మా?"

"పిలిస్తే వచ్చేసేదే. నేనంటే దానికింకా భయం. అందుకే పిలవలేదు."