నార్సింగిలో ఆగే గోవా బస్సు

ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారు మనవాళ్ళు అని ఎవరైనా అంటే వెటకారమనుకునేదాన్ని. మా తమ్ముణ్ణి చూశాక అది పచ్చి నిజమని తెలిసింది. వాడికి బస్సు ఫ్రీ. గోవాలో రూము ఫ్రీ. బిర్యానీ ఫ్రీ, తాగినంత మందు ఫ్రీ. ఇన్ని దానాలు చేస్తున్న ఆ ధర్మప్రభువు ఎవరయ్యా అంటే, నది మీద ఓడలో కాసినో నడిపే పెద్దమనిషి. మనం చేయాల్సిందల్లా ఇక్కడి ఏజెంటుకు ముందే డబ్బు కట్టడం. ఆ డబ్బుకు అక్కడ ప్లాస్టిక్ బిళ్ళలిస్తారు, వాటితో ఆడుకోవాలి. బిళ్ళలు అయిపోయాక వాళ్ళే మర్యాదగా బస్సెక్కించి ఇంటికి పంపుతారు. "పోనూ రానూ ఒక్క రూపాయి తీసుకోరక్కా" అని వాడు నాతో గొప్పగా చెప్పాడు. చెప్పింది ఇంజనీరింగు చదివిన వెధవ.

ఆ బస్సును నేను మా ఆఫీసు కిటికీలోంచి చాలాసార్లు చూశాను. శుక్రవారం మధ్యాహ్నం నిజాంపేటలో బయల్దేరుతుంది. హైటెక్ సిటీలో మా బిల్డింగు ఎదురుగా ఆగి, మెడలో ఐడీ కార్డులతోనే ఎక్కేసే బాపతును ఎక్కించుకుంటుంది. ఆఖరున నార్సింగిలో ఆగి, అక్కణ్ణుంచి రింగు రోడ్డెక్కి మాయమవుతుంది. నార్సింగిలో మాత్రం ఒక పట్టాన కదలదు. దానికో ఆచారం ఉంది. వర్జ్యం పోయేదాకా ఊరు దాటకూడదట! ఇంట్లో పెళ్ళాంతో అబద్ధమాడి వచ్చినవాడికి, పిల్లల ఫీజు పక్కదారి పట్టించి వచ్చినవాడికి వర్జ్యం పట్టింపు! టైర్ల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ, అద్దానికి కర్పూర హారతి. జూదానికి పోతూ దేవుణ్ణి కూడా భాగస్తుణ్ణి చేసుకునే జాతి మనదొక్కటేనేమో.

వీడికి పిల్లనెవరిస్తారు తల్లీ అని నేను అనుకుంటుంటే, సంబంధం దానంతట అదే నడిచొచ్చింది. పిల్ల తండ్రిది నార్సింగే. ఒకప్పుడు అక్కడ పొలాలుండేవి, ఇప్పుడు వాటి మీద అపార్టుమెంట్లున్నాయి, ఆయన కిరాయిలు వసూలు చేసుకుంటూ కూర్చుంటాడు. మాది కడప వైపు. ప్రాంతం వేరైనా కులం ఒకటే. మీ అబ్బాయిని ఏదో ఫంక్షన్లో చూశాను, నచ్చాడు అని ఆయనే ఫోన్ చేశాడు. మా అమ్మ ఇక నేల మీద నిలబడలేదు. పిల్ల కోకాపేటలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. చూడటానికి వెళ్ళిన రోజే నన్ను వదినా అంది. మాట తక్కువ, కానీ మాట్లాడితే సూటిగా మాట్లాడుతుంది. నాకు భలే నచ్చింది. ఇంత మంచి పిల్లను తీసుకెళ్ళి మా వాడి చేతిలో పెట్టడమా అని ఆ రాత్రంతా కుతకుతలాడాను.

అమ్మనడిగితే, "మగపిల్లోడు, పెండ్లయితే వాడే సర్దుకుంటాడు లేమే" అంది. పెళ్ళంటే రిపేరు షాపా? అదేమాట అడిగితే ముఖం తిప్పుకుంది. అప్పుడు వాణ్ణే పిలిచి కూర్చోబెట్టాను. "చూడు, ఇప్పటిదాకా చేసింది నీ ఖర్మ. కానీ మళ్ళీ ఆ బస్సెక్కావో, ఆ క్షణం నేను ఆ పిల్లకు ఫోన్ చేస్తా. ఎంగేజ్‌మెంటా, పెళ్ళా, ఏదీ చూడను" అన్నాను. వాడు వెంటనే అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఒట్టుకు ఖర్చు లేదు కదా, అదీ ఫ్రీయే. నిజం చెప్పొద్దూ, రెండు నెలలు బుద్ధిగానే ఉన్నాడు. శుక్రవారం సాయంత్రాలు ఇంట్లోనే ఉంటే, పోనీలే, మారాడేమో అని నేనూ నమ్మాను.

ఆదివారం ఎంగేజ్‌మెంటు. ముందటి శుక్రవారం మధ్యాహ్నం అమ్మ నిజాంపేటలో మా ఇంటి నుంచి ఫోన్ చేసింది. "వాడు బ్యాగు తీసుకోని పాయె మే. ఆఫీసోళ్ళు అర్జెంటుగా బెంగుళూరికి రమ్మన్నారంట" అంది. బెంగుళూరట, బెంగుళూరు! కిటికీలోంచి చూస్తే మా బిల్డింగు దగ్గర బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. నేను ల్యాప్‌టాప్ మూసేసి క్యాబెక్కాను. దారి పొడుగునా వాడికి ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తితేనా. నార్సింగి చేరేసరికి బస్సు రోడ్డు పక్కనే ఉంది. వర్జ్యం ఇంకా పోలేదు. జీవితంలో మొదటిసారి పంచాంగానికి దణ్ణం పెట్టుకున్నాను.

మెట్ల దగ్గర ఏజెంటు అడ్డమొచ్చాడు. చేతికి బంగారు కడియం, ముఖం నిండా కుంకుమ. "ఫస్ట్ టైమా మేడం? ఫస్ట్ టైమోళ్ళకు లక్ జర ఎక్కువనే ఉంటది" అని వాటర్ బాటిల్ చేతిలో పెట్టబోయాడు. నేను చూసిన చూపుకు ఆ బాటిల్ తనే పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

లోపల ఏసీ చలి, సెంటు వాసన, చికెన్ పచ్చడి వాసన, అన్నీ కలగలిసి ఉన్నాయి. ఊదారంగు లైట్లు వేసుకుని పట్టపగలే పడకలు. ఒకడు పై బెర్తులో మఠం వేసుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాడు. తన పనికి ఏ ఆటంకాలూ లేవని ఇంగ్లీషులో మేనేజరుకు చెబుతున్నాడు. ఇంకొకడు ఉంగరానికున్న రాయిని గుడ్డతో తుడుస్తున్నాడు. ఒక్కడంటే ఒక్కడి ముఖంలో సిగ్గన్నది లేదు. అందరూ తిరునాళ్ళకు పోతున్నంత కులాసాగా ఉన్నారు. మా వాడు ఏడిశాడని తెలుసుగానీ, ఇంతమంది తోడున్నారని ఆ రోజే చూశాను.

వెనక బెర్తు పరదా లాగితే దొరికాడు. కాళ్ళు జాపుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్క బెర్తులోంచి ఒక గొంతు వినిపించింది.

"ఏంది బిడ్డా, నువ్వు గూడ వస్తున్నవా? ముంగటనే జెప్తే కింది సీటు ఇప్పిస్తుంటి గద!"

పిల్ల తండ్రి. తలకు మంకీ క్యాపు, ఒళ్ళో టిఫిన్ డబ్బా.

ఆయనకైనా నోట్లో వెలక్కాయ పడ్డట్టు ఉండాలి కదా? ఉహూఁ. ఆయన నవ్వుతున్నాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. రేపు ఒక్క దినమే ఆట. ఐతారం పొద్దుగాల్లనే దిగుతం, ఫంక్షన్‌కు టైముకే వస్తం" అన్నాడు. తోడబుట్టినవాడు చేసుకోబోయే పిల్లకు తండ్రి! ఎంగేజ్‌మెంటుకు ముందు కాబోయే మామా అల్లుళ్ళిద్దరూ కలిసి జూదానికి!

"అంకుల్, మీరు మా వాణ్ణి ఫంక్షన్లో చూశానన్నారు కదా" అన్నాను.

"ఇంట్లోళ్ళకు ఏదో ఒకటి జెప్పాలె గద. గీ బస్సులనే జూసిన. నా పక్క బెర్తే. ఎంత పోయినా మొఖం మీద గీత మారదు. పోయింది పోయిందనుకోని, లేచి కాళ్ళు కడుక్కోని పండుకుంటడు. నాకు బీపీ గోలీ యాద్ జేసి మరీ ఇస్తడు. గింత ఠండా మనిషి యాడ దొర్కుతడు చెప్పు? మా పిల్లకు గిసొంటోడే కావాలె అనుకున్న" అన్నాడు.

ఓరి దేవుడా! వీళ్ళు మా ఇంటికొచ్చి తీయని ఆరా లేదు. జాతకాలు చూపించారు, జీతం కాగితం చూశారు, మా వీధి చివర కిరాణా కొట్టువాణ్ణి కూడా వదల్లేదు. ఇంత తతంగం చేసి, చివరికి ఈయన మెచ్చుకున్న గుణం ఇదన్నమాట. దొందూ దొందే అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈ ఇద్దరికీ కలిపి ఒక్క వెన్నెముక పెట్టినా సరిపోయేది.

"దిగరా" అన్నాను తమ్ముడితో.

"సీన్ చేయొద్దక్కా. అందరూ చూస్తాండారు. పెండ్లయినాంక ఎట్లాగూ పోలేను. ఇదే లాస్టు, అంకుల్‌కూ చెప్పినా" అన్నాడు.

"అమ్మ తల మీద ఒట్టేశావు."

"అమ్మకేం కాలేదు కదక్కా, బాగానే ఉంది కదా!"

ఆ మాటకు చెంప పగలగొట్టాల్సింది. చెయ్యి లేచింది కూడా. కానీ అంతలో బయట కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది, వర్జ్యం పోయిందని లోపలున్నవాళ్ళంతా గోవిందా అన్నారు. ఏజెంటు తొంగి చూసి, "మేడం, దిగుతరా, వస్తరా?" అన్నాడు. అల్లుడి తరఫున మామ నాకు చెయ్యి ఊపాడు. నేను దిగాను. నిమ్మకాయల మీదుగా బస్సు పోయింది.

అక్కడే నిలబడి పిల్లకు ఫోన్ చేశాను. కోకాపేట ఎంతో దూరం లేదు. వాళ్ళ ఆఫీసు కింద టీ కొట్టు దగ్గరికి వచ్చింది. నేను దేన్నీ దాచలేదు, దేన్నీ తగ్గించి చెప్పలేదు. మా వాడి అలవాటు, ఒట్టు, బస్సు, పక్క బెర్తు, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి టీ తాగలేదు, కప్పు పట్టుకునే వింది.

"నాయిన గూడ ఉన్నడా వదినా?" అని మాత్రం అడిగింది. ఉన్నాడన్నాను.

"మా అమ్మకు షిరిడీ అని చెప్పి పోతడు. వచ్చేటప్పుడు జీడిపప్పు తెస్తడు, ప్రసాదం అని. అమ్మ కండ్లకద్దుకోని తింటది. నాకు ఎప్పుడో తెలిసింది. అమ్మకు చెప్తే ఇల్లు ఆగమైతదని ఊకున్న" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ నోట్లో పెట్టుకున్న ఆ గోవా జీడిపప్పు తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

"పెండ్లి మాట వచ్చినప్పుడు నాయినను ఒక్కటే అడిగిన. ఎవరినన్న తీస్కరా, నల్లగ ఉండనీ, జీతం తక్కువ ఉండనీ, నీలెక్క ఆ బస్సెక్కేటోడు మాత్రం వద్దు అన్న. నాకు తెలుసని అప్పటిదాక ఆయనకు తెల్వదు. మొఖం తెల్లవోయింది. సరే బిడ్డా అని తల మీద చెయ్యి పెట్టిండు." ఆ అమ్మాయి టీ కప్పు కింద పెట్టేసింది. "పెట్టి, ఆ బస్సులకెల్లే ఒకణ్ణి తెచ్చిండు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆదివారం ఎవరినీ రావద్దని చెప్తానని, అమ్మతో కూడా తనే మాట్లాడతానని చెప్పి లేచింది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. అప్పటిదాకా వదినా అన్న పిల్ల అక్కా అంది.

"వాళ్ళిద్దరికి మంచిగనే కుదిరింది కదక్కా. ఇగ నడుమ నేనెందుకు?"

ఎంగేజ్‌మెంటు ఆగిపోయింది. సొంత తమ్ముడి కాపురం కూల్చినదాన్నని అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వాళ్ళిద్దరూ మాత్రం శుక్రవారం వస్తే ఆ బస్సులోనే, ఆ పక్కపక్క బెర్తుల్లోనే పోతున్నారు. ఆయన మా వాణ్ణి ఇప్పటికీ అల్లుడా అనే పిలుస్తాడట. మా వాడు పలుకుతాడట.