బొట్టు చోటు తప్పింది

ఆయుధపూజ మరుసటి రోజు పొద్దున నాయన కారు తాళంచెవి తెచ్చి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఇందమ్మా. అది ఆగిపొయ్యింది. మాటంటే మాట," అన్నాడు. అంతే. పోయి వసారాలో కుర్చీలో కూర్చున్నాడు.

ఆ మాట సంగతి చెప్పాలి. మా ఇంటి పక్కనున్న తెల్ల అంబాసిడర్ నాయన టాక్సీగా తోలిన బండి. చిత్తూరు నుంచి తిరుపతికీ పలమనేరుకూ దాన్లో ఎక్కని పెళ్ళివారు లేరు, మామిడికాయల వ్యాపారులు లేరు. టాక్సీ మానుకున్నాడు గానీ కారును మానుకోలేదు. మొన్న ఎండాకాలం బంగారుపాళ్యం దగ్గర ఒక కాయల ట్రాక్టరును రాసుకొని వచ్చినప్పుడు నేను ఇల్లు పీకి పందిరేశాను. ఇంక తోలితే ఊరుకోనన్నాను. నాయన అంతా విని, "అది స్టార్టయినంత కాలం తోల్తా. యా పొద్దు మొరాయిస్తాదో ఆ పొద్దే బీగంచెవి నీ చేతికిస్తా. మళ్ళీ నన్నడగొద్దు," అన్నాడు. ఆ బండి మొరాయించడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పందెంలో ఓడింది నేనేనని అప్పుడే తెలుసు.

ఇప్పుడు గెలిచాను కదా, సంబరపడాలి. అమ్మ పడింది కూడా. "దేవుడే ఆపినాడు. నిన్న పూజలో ముందు చక్రం కింద పెట్టిన నిమ్మకాయ నలగలేదు, సూడలేదా? మూడు చక్రాల కాయలు నలిగె, ఒకటి పక్కన గుండ్రాయి మాదిరి అట్లనే పడుండాది. నేనప్పుడే అనుకొంటి," అంటూ దేవుడి గూటికి దండం పెట్టింది.

నాకు మాత్రం సంబరం కలగలేదు. తాళంచెవిని చూస్తే ఒళ్ళు మండింది. లేచి వసారాలోకి తొంగిచూశాను. కారుకు వీపు పెట్టి వీధి వైపు చూస్తున్నాడు నాయన. పొద్దున్నే గుడ్డముక్క పట్టుకొని అద్దాలు తుడిచే చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. ఆ చేతుల్ని చూడలేకపోయాను. తోలొద్దని అరిచిందీ నేనే, ఇప్పుడు చూడలేనిదీ నేనే. ఏం మనిషినో!

పోయి కార్లో కూర్చుని తాళం తిప్పాను. టక్. ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ తిప్పాను. టక్.

"ఏమే, నీకేమన్నా పిచ్చా?" అమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "అడగని వరం ఇచ్చినాడు దేవుడు. దాన్ని రిపేరు చేస్తానంటావా?"

"అది ఆగితే ఆగనీలే మా. ఎందుకు ఆగిందో నాకు తెలియాల."

నేను బడిలో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. దసరా సెలవులు. సెలవుల్లో పని లేకపోతే నాకు అరికాళ్ళు దురదపెడతాయి. దానికితోడు తోలడం నేర్చుకున్నదీ ఈ కార్లోనే, స్పానర్లు అందిస్తూ పెరిగిందీ దీని పక్కనే. హెడ్‌లైటు వేశాను. గోడ మీద ధగధగమంది. లైటు అలాగే ఉంచి తాళం తిప్పితే టక్‌మనడం, దీపం కొండెక్కడం రెండూ ఒక్కసారే జరిగాయి.

పక్కవీధిలో బ్యాటరీ షాపు పెట్టుకున్నతను మాకు బాగా ఎరుక. పిలిస్తే మీటరూ, అతికించే వైర్లూ పట్టుకొని వచ్చాడు.

"బ్యాటరీ దిట్టంగా ఉండాదక్కా. నిన్నే కదా కొత్తది ఏసినారు. స్టార్టర్ మోటారే పొయ్యింటాది. ఇప్పేద్దాం," అన్నాడు.

"ఉండప్పా, తొందరేల." మోటారును సుత్తితో నాలుగు తట్లు తట్టాను. టక్. అతని బ్యాటరీని మా బ్యాటరీకి జతచేశాం. టక్.

"సూసినావా? మోటారే," అన్నాడతను చేతులు దులుపుకుంటూ.

నాకు నమ్మబుద్ధి కాలేదు. రెండు బ్యాటరీలు దిట్టంగా ఉండి దీపం ఎందుకు అంతలా చావాలి? కారు చుట్టూ తిరిగాను. బానెట్ వేశాను, మళ్ళీ ఎత్తాను. అమ్మ టీ ఇస్తే సగం తాగి ఎక్కడో పెట్టి మరిచిపోయాను. నాయన ఒక్కసారైనా లేచి వచ్చి "యాడమ్మా, నన్ను సూడనీ" అంటాడేమోనని ఎదురుచూశాను. ఇన్ని చప్పుళ్ళకూ ఆయన తలైనా తిప్పలేదు. అది నాకు వింతగా తోచాల్సింది. ఆ ఊపులో తోచలేదు.

తిరిగి తిరిగి ఒకచోట ఆగాను. కరెంటుకు పోయే దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఒకటి అని ఏటా పిల్లల చెవుల్లో జోరీగలా చెప్తాను. పొద్దున్నుంచి మేమిద్దరం పోయే దారినే పట్టుకొని వేలాడుతున్నాం. తిరిగొచ్చే దారిని, అదే మెకానిక్కులు ఎర్తు అంటారే, దాన్ని ఎవరూ చూడలేదు.

అతను తెచ్చిన నల్ల వైరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస తిన్నగా ఇంజను ఇనుముకు తగిలించి, "తిప్పప్పా!" అన్నాను. అతను తిప్పాడు. ఇంజను గిర్రున తిరిగింది. "ఆపు, ఆపు!" అని చిన్నపిల్లలా ఎగిరాను.

"ఎర్తే అక్కా!" అంటూ నవ్వి, షాపు తెరవాలని అతను వెళ్ళిపోయాడు.

ఇంక మిగిలింది ఒక్క బోల్టు. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్తు వైరు కారు ఒంటికి బిగించేది. విప్పి వైరు లేపాను. కింద ఇనుము కనపడలేదు. గంధం. దాని మీద కుంకుమ. రెండూ కలిసి అప్పచ్చిలాగా ఎండి అట్టకట్టుకొని ఉన్నాయి.

ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగింది.

నాయనకు ఒక పట్టింపు. ఆయుధపూజ రోజు వైర్లు విప్పి తుడిచాక, బ్యాటరీకి బొట్టు పెట్టందే తిరిగి తగిలించడు. అన్నం పెట్టే వస్తువును దండం పెట్టకుండా పనికి పురమాయించకూడదంటాడు. ముందు బొట్టు, తర్వాత ఎర్తు. నాకు తెలిసినప్పటి నుంచీ ఆ బొట్టు బ్యాటరీ మూతకు నట్టనడుమ, అచ్చు గుద్దినట్టు ఉండేది. ఇప్పుడు మూత వైపు చూశాను. ఏమీ లేదు, కొత్త ప్లాస్టిక్కు తళతళమంటోంది. బొట్టు జానెడు అవతల, ఎర్తు కూర్చునే ఇనుము మీద పడింది. ఆ బొట్టు మీదే వైరు పెట్టి బిగించేశాడు. నిన్న తడిగా ఉన్నంతసేపు బండి ఎలాగో కదిలింది. రాత్రికి ఎండిపోయింది.

నలగని నిమ్మకాయ గుర్తొచ్చింది. చక్రం కింద పెట్టాననుకొని పక్కన పెట్టాడు. ట్రాక్టరు గుర్తొచ్చింది.

ఉప్పుకాగితంతో రుద్ది, తుడిచి, బోల్టు బిగించాను. తాళం తిప్పగానే ఇంజను ఏమీ ఎరగనట్టు అందుకుంది. దాన్ని అలాగే తిరగనిచ్చి వసారాలోకి వెళ్ళాను.

నాయన వీధి వైపు చూస్తూనే అడిగాడు. "ఎర్తేనా?"

"నీకు తెల్సా నాయనా?"

"టక్ అన్నప్పుడే తెల్సు. తోలినోనికి తెల్దామ్మా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

నాయన మీసం ఒకసారి దువ్వుకున్నాడు. "ఆ పొద్దు ట్రాక్టరు నాకు కనపడనే లేదమ్మా. తగిలినంక చప్పుడు విన్నా. కండ్లు పొయ్యినాయని నా నోటితో నేనెట్ల చెప్పేది? అదే ఆగిపోతే, అది ఆగిపొయ్యిందని నేను మర్యాదగా దిగిపోవచ్చు. దేవుడు దోవ సూపించినాడనుకొంటి." కాస్త నవ్వాడు. "నువ్వేమో దాన్ని బాగుజేసి పెడితివి."

నాకు ఏడుపు ఆగలేదు. ఎర్తు కోసం పొద్దంతా వెతికినదాన్ని, ఎండాకాలం నుంచీ ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళలోకి ఒక్కసారి సరిగా చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"లే నాయనా. తిరపతికి పోదాం, కండ్ల డాక్టరుకు సూపిద్దాం. నేను తోల్తా."

వద్దనలేదు. పైకండువా వేసుకొని మెట్లు దిగాడు. అలవాటుగా స్టీరింగు వైపు తలుపు మీదికి పోయింది చెయ్యి. అక్కడ ఒక్క క్షణం ఆగి, తీసేసుకున్నాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా కారు ముందు నుంచి ఎడమ వైపుకు నడిచాడు. అక్కడ తలుపు పిడి కోసం తడుముకుంటూ నిలబడ్డాడు. నాకు తోలడం నేర్పిన రోజుల్లో తప్ప, ఇన్నేళ్ళలో ఆ వైపు నుంచి ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు.