బొట్టు పెట్టి సబ్‌స్క్రైబ్ చేయించారు

ఈ రోజు సాయంత్రం పక్కింటి సత్యవేణిగారు పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఏ గృహప్రవేశానికో పిలుస్తారనుకుని గబగబా చేతులు కడుక్కొచ్చాను. ఆవిడ బొట్టు పెట్టారు. శుభలేఖ ఇస్తారని చెయ్యి చాపితే, నా ఫోన్ అడిగారు.

"మా వంటల ఛానల్‌ని సబ్‌స్క్రైబ్ చేయాలండీ వదినగారూ. వెయ్యి మంది చేరాలంట, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూడాలంట. అప్పుడు గానీ యాడ్స్ డబ్బులు రావంటండీ."

బొట్టు పెట్టించుకున్నాక కాదనే ధైర్యం రాజమండ్రిలో ఎవరికుంది? నొక్కాను. వెళ్తూ వెళ్తూ ఆవిడే పులస పులుసు వీడియో పెట్టి, ఫోన్‌ని మా వంటింటి గట్టు మీద దేవుడి పటంలా ఆనించారు.

"మీరు చూడక్కర్లేదండీ, దాన్ని అలా ఆడనివ్వండి చాలు."

అందులో చేప కడగడానికే అరగంట పట్టింది. విసుగొచ్చి ఆపేశాను. మా రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. వెంటనే అవతలి నుంచి కేక వినిపించింది.

"వదినగారూ, ఆగిపోయిందేంటండీ? నెట్ లేదా?"

మళ్లీ పెట్టాను. మా ఆయన ఫోన్‌లో నేనిది రాస్తుంటే, నా ఫోన్‌లో ఆవిడ ఇంకా చేపకి పసుపు రాస్తున్నారు.

మీ వీధిలోనూ ఇలాంటి పిలుపులు మొదలయ్యాయా? ఇంత మర్యాద తెలిసిన సత్యవేణిగారు, పోయిన నెల కూతురి పెళ్లికి మాత్రం ఆ గోడ అవతలే కూర్చుని, శుభలేఖ ఫోటో నా ఫోన్‌కి పంపి ఊరుకున్నారు.