పొంగ్ హక్సు తల్లి పక్క కింద

పొంగ్ హక్సు బతుకంతా కొరియాలోని బుచోన్ నగరంలో సిటీ బస్సు తోలి రిటైరయ్యాడు. బస్సులో ఎర్ర దీపం వెలిగితే బండిని డిపోకు చేర్చి చేతులు దులుపుకోవడమే తప్ప, ఎందుకు వెలిగిందని ఆరా తీసే అలవాటు ఆయనకు లేదు. కనుక వంటింటి మూల బాయిలర్ నీళ్లు చాలడం లేదని ఎర్ర దీపం వెలిగించినప్పుడల్లా కుళాయి తిప్పి, ప్రెజర్ ముల్లును పైకి లేపి, దేశాన్ని గండం నుంచి గట్టెక్కించినంత గంభీరంగా తుండుతో చేతులు తుడుచుకునేవాడు. మర్నాటికి ముల్లు మళ్లీ కింద పడి ఉండేది.

ఆ ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక ఇరుకు వంటిల్లు. చలికి ఇంటిని వెచ్చబెట్టేందుకు నేల కింద వేడినీళ్ల పైపు ఒకటే, ఇల్లంతా మెలికలు తిరిగి బాయిలర్‌కు చేరుతుంది. వెచ్చని చోటు ఇంట్లో పెద్దవాళ్లది. అందులో ఎవరికీ వాదన లేదు. ఆ చలికాలం బీరువా పక్కన నేల ఎన్నడూ లేనంత వెచ్చగా తగిలింది. హక్సు వట్టికాళ్లతో గదంతా తిరిగి, శాస్త్రోక్తంగా పరీక్షించి, లేవలేని స్థితిలో ఉన్న తల్లి పక్కను అక్కడికి మార్చాడు. చూడవచ్చిన చుట్టాలు దుప్పటి కింద చేతులు పెట్టి, కొడుకంటే ఇలా ఉండాలన్నారు.

తల్లి కోరిక ఒక్కటే. "ఆ వృద్ధుల ఆసుపత్రికి మాత్రం పంపకురా. మీ పిన్ని దగ్గు మందుకని వెళ్లింది, బూడిదై వచ్చింది. నన్ను ఈ నేల మీదనే పోనీ."

"సరేనమ్మా" అన్నాడు హక్సు.

ఆ వారమే కింది ఇంటావిడ తక్ మెట్లెక్కి వచ్చింది.

"అన్నయ్యగారూ, మా గోడమీది పెళ్లి ఫోటో మీద వాన కురుస్తోంది."

"మీ ఆయన మొహం మీదా?"

"ఆయన మొహం మీదైతే నేనెందుకు పైకొస్తాను? నా మీద!"

బాయిలర్ మెకానిక్ ప్యో వచ్చాడు. ముందు నేలలోకి వెళ్లే పైపును బాయిలర్ దగ్గర మూసేసి చూశాడు. ముల్లు కదల్లేదు; అంటే బాయిలర్ నిర్దోషి. తర్వాత పైపులో గాలి ఎక్కించాడు. ముల్లు చూస్తుండగానే జారిపోయింది. చెవులకు గొట్టాలు తగిలించుకుని, నేలకు వంగి, మోకాళ్ల మీద పాకుతూ బీరువా వైపు వచ్చి, ముసలామె పక్క దగ్గర ఆగాడు.

"నా గుండె చూస్తున్నావా నాయనా?"

"లేదు బామ్మా, నేలది."

"అదెలా ఉంది?"

ప్యో హక్సు వైపు తిరిగి, "సరిగ్గా ఇక్కడే అన్నా, చిల్లు. వేడినీళ్లు బయటికొచ్చి సిమెంటు కింద నిలిచాయి" అన్నాడు.

"ఇల్లంతటికీ వెచ్చని చోటయ్యా ఇది!"

"అందుకే వెచ్చన."

నేల పగలగొట్టాలి. పని అయ్యేదాకా ఇల్లంతా మంచుగడ్డే. కరెంటుతో వేడెక్కే పరుపు వేద్దామన్నాడు హక్సు. "వేద్దాం. సిమెంటు దుమ్ము ఎవరు పీలుస్తారు? ఆవిడ ఊపిరితిత్తులా?" అన్నాడు ప్యో. తక్ కళ్లు ఒత్తుకుని, "మా ఇంట్లో ఉంచుకుందును, కానీ అక్కడ వాన" అంది.

"ఆసుపత్రిలో నాలుగు రోజులేనమ్మా" అన్నాడు హక్సు.

తల్లి తన పక్క మీద అరచెయ్యి ఆనించింది. "నువ్వే కదరా ఇక్కడ పడుకోబెట్టావు" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది.

పైపు అతికించి పోసిన కొత్త సిమెంటు నేల ఆరింది. వేడి గదంతా సమంగా పాకింది. హక్సు తల్లిని ఇంటికి తీసుకెళ్లడానికి వృద్ధుల ఆసుపత్రికి వచ్చేసరికి ఆమె ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, కదిపితే ప్రాణానికి పూచీ లేదనీ డాక్టరు చెప్పాడు. ఇనప మంచం ఎత్తుగా ఉంది. ఆమె చెయ్యి అంచు మీదుగా కిందికి వేలాడుతూ దేనికోసమో తడుముతోంది. హక్సు బూట్లు విప్పి, చల్లటి నేల పలకల మీద కూర్చుని, ఆ చేతి కింద తన అరచెయ్యి పట్టాడు.

"నేల కాగిందిరా" అందామె.

"కాగిందమ్మా."

నర్సు వచ్చి, వార్డులో బూట్లు విప్పకూడదంది. ఆయన లేచి తొడుక్కున్నాడు. తల్లి ఆ మంచం మీదనే పోయింది.