పోయినవాళ్లకు చాప

గుడి ఊడ్చే ముసలి దేవసహాయానికి లోకంలో ఒకే ఒక్క తిక్క. ఆదివారం గుడిలో చాపలు పరిచేటప్పుడు చచ్చిపోయినవాళ్లకు కూడా పరిచేవాడు. మంచిర్యాలకు నాలుగు మైళ్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న ఆ పెంకుల ప్రార్థన గుడికి ప్రాణంతో వచ్చేవాళ్లు ముప్పైమంది. చాపలు మాత్రం యాభై రెండు.

నిజాం రాజ్యం పోయిన ఏడేళ్లకు ఆ ఊరికి కొత్త పాస్టరుగా వచ్చిన అబ్రహాంకు ఈ సంగతి మొదటి ఆదివారమే తెలిసింది.

"జర ఇటు జరుగుండ్రి అయ్యగారూ, కొమురెల్లి కాలు తొక్కుతున్నరు" అన్నాడు దేవసహాయం.

"కొమురెల్లి ఎవరు?"

"పాము కరిచి పోయిండు. మూడేండ్లాయె."

అబ్రహాం ఎగిరి పక్కకు దూకాడు.

"అయ్యో, అటు గాదు! గాడ మొండయ్య ఉన్నడు!"

జమ్మికుంట నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పత్తి బేరగాడు ఖాళీ చాప చూసి హాయిగా చతికిలబడ్డాడు. "లేవయ్యా, బాలవ్వ ఒడిల కూసున్నవ్" అన్నాడు దేవసహాయం. ఆ బేరగాడు మళ్లీ ఈ ఊరి దిక్కు చూస్తే ఒట్టు!

నవ్వుకోవచ్చు గానీ, ముసురు పట్టిన ఆదివారం ఆ గుడిలో నిలబడి చూడాలి. పట్టపగలే చీకటి. గోడవారన ఒక చిన్న చాప, దాని పక్కన రిబ్కమ్మ. ఆమె పదేళ్ల బిడ్డ ఎస్తేరును గోదావరి వరద మింగేసింది, శవం కూడా దొరకలేదు. రిబ్కమ్మ ప్రార్థన సాగినంతసేపూ ఆ చాపను నిమురుతూ ఉండేది. అందరూ పాట ఆపేశాక, ఆ మూల నుంచి ఒక సన్నని గొంతు ఇంకో అరక్షణం పాడినట్టుండేది. అబ్రహాంకు ఒళ్లు జలదరించేది. ఎవరినైనా అడుగుదామంటే, "మాకూ వినబడ్డది" అంటారేమోనని భయం.

"ఇది విశ్వాసం కాదు తాతా, దయ్యాల పిచ్చి" అన్నాడొకరోజు తెగించి.

"కనబడనాయనతోని మీరు దినాం మాట్లాడుతరు. కనబడనోళ్లకు నేను చాపేస్తె పిచ్చా?"

అబ్రహాం విసవిసా బయటికి నడిచాడు. చదువుకున్నవాడు కదా, అందుకే మరీ కోపమొచ్చింది.

ఇంతలో మిషన్ సూపరింటెండెంటుగారు ఆదివారం గుడి తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. శనివారం సాయంత్రం దేవసహాయం ముందే చాపలు పరిచి వెళ్లాక, అబ్రహాం ఎవరికీ చెప్పకుండా పోయినవాళ్ల చాపలన్నీ చుట్టి అటకెక్కించాడు. చివరికి గోడవారనున్న చిన్న చాప పట్టుకుంటే, ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టు వెచ్చగా ఉంది. ఎండకు కాబోలు అనుకున్నాడు. బయట మూడు రోజులుగా వాన.

ఆదివారం రిబ్కమ్మ గడపలోనే ఆగిపోయింది. "నా బిడ్డ ఇయ్యాల రాలే?" అని నెమ్మదిగా అడిగింది. "తొవ్వ తప్పిందేమో, తోలుకొస్త" అని గోదావరి దిక్కు నడిచింది.

దేవసహాయం అటకెక్కి చిన్న చాప లాగి, చంకన పెట్టుకుని వానలో పరుగెత్తాడు. అబ్రహాం వెనకాలే ఉరికాడు. అప్పటికే రిబ్కమ్మ నడుములోతు నీళ్లలో ఉంది.

"రిబ్కమ్మా! అటెటు పోతున్నవే? చాప తడుస్తదని అయ్యగారు ఎత్తిపెట్టిండు, గంతే! రా, బిడ్డ పక్కన కూసుందువు!"

ఆమె చాపను చూసింది. మెల్లగా ఒడ్డుకొచ్చింది.

ఆమె చాప పట్టుకుని ముందు నడుస్తుంటే, వెనక అబ్రహాం గొంతు తగ్గించి అడిగాడు. "ముందే నాకు చెప్పొద్దా తాతా? మరి మిగతా చాపలన్నీ ఎందుకు?"

"బిడ్డ పోయినంక ఆమె గుళ్లె అడుగు పెట్టలే, రోజూ ఏట్లనే దేవులాడేది. చాపేసి పిలిస్తె వచ్చింది. ఆమె బిడ్డకొక్కదానికే ఏస్తె ఆమెను పిచ్చిదంటరు. అందరికీ ఏస్తె నన్నంటరు. నాకేం ఫికర్, ముసలోణ్ని."

"మరి వాళ్లు నిజంగా వస్తరని నమ్ముతవా?"

"మొదట్ల నమ్మలే" అన్నాడు దేవసహాయం, గుడి దిక్కు చూస్తూ.

ఆ రోజు సూపరింటెండెంటుగారు వచ్చేసరికి యాభై రెండు చాపలూ పరిచి ఉన్నాయి. పరిచినవాడు అబ్రహాం. ఆయన ఒక చాప మీద కాలు పెట్టబోతుంటే అబ్రహాం చెయ్యి అడ్డం పెట్టాడు. "అయ్యా, మన్నించాలి, అక్కడ మనిషి ఉన్నది."

సూపరింటెండెంటుగారు ఖాళీ చాపను చూశాడు, అబ్రహాంను చూశాడు. "నువ్వు సెలవు పెట్టి ఎన్నాళ్లయింది నాయనా?" అని జాలిగా అడిగాడు.

దేవసహాయం వెనక నుంచి వచ్చి అబ్రహాం చెవిలో అన్నాడు: "ఇగ సగం పిచ్చి మీ పేరు మీద అయ్యగారూ. నాకు జర భారం తగ్గింది."